నింద మోసిన చేయి గీసిన బొమ్మలు

ఇంటి సామాను గది తాళంచెవులు ఒకరి చేతికి ఇవ్వడమంటే వారి నిజాయితీని నమ్మడమే. దీనినే మన పెద్దలు అమానతు అన్నారు. అయితే ఆ గదిలో ఒక వస్తువు కనబడని రోజున అందరి చూపూ మొదట పోయేది ఆ తాళంచెవులు ఉన్న మనిషి మీదికే. ఆ మనిషి పనిమనిషి కావచ్చు, దుకాణంలో గుమాస్తా కావచ్చు, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు కావచ్చు. చూపు అనుమానంగా, అనుమానం మాటగా, మాట తీర్పుగా మారడానికి ఒక్క పూట చాలు. ఆ తీర్పును తుడిచివేయడానికి మాత్రం కొందరికి జీవితకాలం కూడా చాలదు.

ఈ నెల మేము పాఠకుల ముందుంచుతున్నది అటువంటి ఒక మనిషి వృత్తాంతం. ఆయన రాజు కాదు, సేనాని కాదు, విశ్వవిద్యాలయంలో చదివిన పండితుడూ కాదు. గుర్రపు బండ్లకు రంగులు వేసే పని నేర్చిన ఒక సామాన్య కళాకారుడు. పేరు థామస్ బెయిన్స్. పందొమ్మిదవ శతాబ్దంలో ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలో సంవత్సరాల తరబడి తిరిగి, కంటితో చూసినదానిని దినచర్యగా రాసి, రాసినదానికి తోడుగా బొమ్మ గీసి లోకానికి అందించినవారు ఆయన. ఆ దినచర్యలను, చిత్రాలను నేటికీ చరిత్రకారులు, భూగోళ శాస్త్రజ్ఞులు భద్రంగా చూసుకుంటారు. కాని ఆ చేతిమీదనే ఒకనాడు దొంగతనపు నింద పడింది.

బెయిన్స్ 1820 నవంబర్ 27న ఇంగ్లండు తూర్పు తీరంలోని కింగ్స్ లిన్ అనే రేవు పట్టణంలో జన్మించారు. తండ్రి ఓడ నడిపే వృత్తిలో ఉండేవారు. చిన్నతనంలోనే బెయిన్స్‌ను బండ్లకు అలంకారపు రంగులు వేసే ఒక పనివాని వద్ద శిష్యునిగా చేర్చారు. ఆ రోజులలో సంపన్నుల గుర్రపు బండి తలుపు మీద వారి వంశచిహ్నం చిత్రించి ఉండేది. సింహమో, డాలో, కిరీటమో, దేనికైనా గీత తప్పకూడదు, రంగు మారకూడదు. వర్ణం మీద వర్ణం ఆరనిచ్చి, చివర మెరుగు నూనె పూసి, వానకూ ఎండకూ చెదరకుండా నిలబెట్టాలి. ఈ పనిలో ఊహకు చోటు తక్కువ, కచ్చితత్వానికి విలువ ఎక్కువ. ఉన్నది ఉన్నట్లు దించడం అనే అలవాటు ఆ చేతికి అక్కడే అబ్బింది.

1842లో ఆయన దక్షిణ ఆఫ్రికాకు ఓడ ఎక్కారు. కేప్ టౌన్‌లో సముద్ర దృశ్యాలు, మనుషుల రూపచిత్రాలు వేసి పొట్ట పోసుకున్నారు. 1848 నుంచి తూర్పు సరిహద్దు ప్రాంతాలవైపు ప్రయాణాలు ఆరంభించారు. దినచర్య రాసే అలవాటు ఈ సంవత్సరాలలో ఆయనకు తోడుగా నిలిచింది. ఆ కాలపు దినచర్య ఆయన మరణించిన ఎన్నో దశాబ్దాల తరువాత, 1961లోనూ 1964లోనూ, రెండు సంపుటాలుగా అచ్చయింది.

ఆయన పని తీరు గమనించదగినది. ప్రయాణంలో బండి ఆగినచోట ముందు పెన్సిలుతో, నీటి రంగులతో బొమ్మ గీసుకునేవారు. దానిపై చోటు, తేదీ రాసుకునేవారు. తైలవర్ణ చిత్రాలను తరచుగా తరువాత తీరికగా వేసేవారు. ఎద్దులు లాగే బండ్లు, నదిని దాటే మనుషులు, చెట్ల ఆకారం, రాళ్ల పొరలు, పనిలో ఉన్నవారి దేహభంగిమలు అన్నీ ఆ చిత్రాలలో కనిపిస్తాయి. ఫలానా తేదీన ఫలానా చోట ఇది చూశాను అని చెప్పడమంటే సాక్ష్యం ఇవ్వడమే. అట్టి సాక్ష్యాన్ని కావాలంటే మరొకరు వెళ్లి సరిచూసుకోవచ్చు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలని మా మనవి. దీని అవసరం ముందు వస్తుంది.

1855 నుంచి 1857 వరకు ఆయన ఉత్తర ఆస్ట్రేలియా అన్వేషణ యాత్రలో పనిచేశారు. నాయకుడు అగస్టస్ గ్రెగరీ. అక్కడ బెయిన్స్‌కు అప్పగించిన బాధ్యతలు రెండు. ఒకటి చిత్రకారుని పని, రెండవది సామాను భద్రపరిచే పని. అంటే యాత్రికుల ఆహారం, పనిముట్లు, గుడ్డలు అన్నీ ఆయన అమానతులోనే ఉండేవి. ఆ పని ఆయన మెచ్చుకోలు పొందేటట్లు చేశారు. ఆ దేశంలో ఒక కొండకు, ఒక నదికి ఆయన పేరు పెట్టారు. ఆ మంచి పేరే ఆయనను మరుసటి యాత్రకు తీసుకుపోయింది.

ఆ యాత్ర నాయకుడు డేవిడ్ లివింగ్‌స్టన్. అప్పటికే ఆఫ్రికాను అడ్డంగా దాటి వచ్చిన అన్వేషకుడుగా, బానిస వ్యాపారాన్ని ఖండించిన మనిషిగా బ్రిటన్‌లో ఇంటింటా తెలిసిన పేరు అది. 1858 మార్చిలో ఆయన బృందం జాంబెజీ నదీ ప్రాంతానికి బయలుదేరింది. వృక్షశాస్త్రజ్ఞుడుగా జాన్ కర్క్, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా రిచర్డ్ థార్న్‌టన్, ఇంజనీరుగా జార్జ్ రే ఉన్నారు. నాయకుని తమ్ముడు చార్లెస్ లివింగ్‌స్టన్ కూడా ఉన్నాడు. బెయిన్స్‌కు మళ్లీ అవే రెండు బాధ్యతలు, చిత్రాలు వేయడం, సామాను చూసుకోవడం.

యాత్ర తలచినట్లు సాగలేదు. జాంబెజీ నదిమీద ఆవిరి పడవలో లోతట్టు దేశం దాకా పోవచ్చునని లివింగ్‌స్టన్ లోకానికి చెప్పి వచ్చారు. కాని టెటే అనే పోర్చుగీసు స్థావరానికి ఎగువన కెబ్రబాసా వద్ద నది రాళ్ల మధ్య విరుచుకుపడుతూ పడవ దారిని మూసివేసింది. పడవ బలహీనమైనది, జ్వరాలు బలమైనవి. నావికాధికారి బెడింగ్‌ఫెల్డ్ నాయకునితో పొసగక 1858లోనే విడిపోయారు. ఆశ భగ్నమైన బృందంలో అసహనం పెరిగింది. బెయిన్స్ టెటేలో పదేపదే జ్వరంతో మంచాన పడ్డారు.

ఆ స్థితిలో, 1859లో, ఆయన మీద ఆరోపణ వచ్చింది. బృందపు సామాను వృథా చేశాడని, చక్కెరను అన్యులకు ఇచ్చాడని, చిత్రాలకు తెచ్చిన గుడ్డను సొంతానికి వాడి అక్కడి పోర్చుగీసువారి బొమ్మలు వేశాడని అన్నారు. ఈ ఆరోపణల వెనుక ప్రధానంగా ఉన్న మనిషి నాయకుని తమ్ముడు చార్లెస్. బెయిన్స్ నేరాన్ని ఒప్పుకోలేదు. నాయకుడు ఆయనను పని నుంచి తొలగించారు. భూగర్భ శాస్త్రజ్ఞుడు థార్న్‌టన్‌కు కూడా అదే సంవత్సరం అదే గతి పట్టింది. ఆయనను మాత్రం కొంతకాలం తరువాత మళ్లీ పనిలోకి తీసుకున్నారు. బెయిన్స్‌కు ఆ అవకాశం రాలేదు.

పాఠక మహాశయులారా! ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసినది ఉంది. ఆరోపించినవాడు తీర్పు చెప్పేవాని సొంత తమ్ముడు. నింద పడినవాడు జ్వరపీడితుడు. సరుకులు ఒడ్డుకూ పడవకూ మధ్య, చేతి నుంచి చేతికి మారే యాత్ర అది. పైగా అందరి మనసులూ ఓటమితో చేదెక్కి ఉన్నాయి. ఇటువంటప్పుడు నాయకుడు చేయవలసినది ఒకటే. ఇరు పక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, లెక్కల పుస్తకం తెరిచి, సాక్షులను పిలిచి విచారించడం. బెయిన్స్ కోరినదీ అదే. నా మాట వినండి, బహిరంగంగా విచారించండి, నేరం రుజువైతే శిక్షించండి అన్నదే ఆయన అభ్యర్థన సారాంశం. ఆ విచారణ ఆయనకు ఎన్నడూ లభించలేదు.

లివింగ్‌స్టన్ దుర్మార్గుడు అని మేము అనడం లేదు. మనుషులను సంతలో అమ్మే వ్యాపారానికి వ్యతిరేకంగా ఆయన చేసిన కృషిని ఎవరూ కాదనలేరు. అందువల్లనే ఈ ఉదంతం మనకు మరింత పాఠం అవుతుంది. చెడ్డవాడు అన్యాయం చేస్తే అందరూ గుర్తిస్తారు. మంచివాడు అన్యాయం చేసినప్పుడు అతని మంచితనమే ఆ అన్యాయానికి ముసుగు అవుతుంది. అంతటివాడు ఊరకే అంటాడా అన్న ఒక్క మాటతో లోకం నోరు మూసుకుంటుంది. పేరున్నవాని అనుమానం ముందు పేరులేనివాని ప్రమాణం ఎంత తేలికగా వీగిపోతుందో చూడండి.

నింద పడిన మనిషి ముందు మామూలుగా రెండు దారులు ఉంటాయి. ఒకటి కుంగిపోవడం, రెండవది పగబట్టడం. బెయిన్స్ తన నిర్దోషిత్వాన్ని చాటుకునే ప్రయత్నం మానలేదు. కాని జీవితమంతా ఆ ఒక్క ఫిర్యాదులోనే గడిపివేయలేదు. కేప్ టౌన్ చేరి మళ్లీ కుంచె పట్టారు. 1861లో జేమ్స్ ఛాప్‌మన్ అనే వర్తక యాత్రికునితో కలిసి ఖండపు పశ్చిమ తీరంలోని వాల్విస్ బే నుంచి, అంటే నేటి నమీబియా నుంచి, మరో ప్రయాణం ఆరంభించారు. లక్ష్యం జాంబెజీ జలపాతం. ఏ నది ఒడ్డున తన పేరు మాసిందో ఆ నది దగ్గరికే ఆయన మరో దిక్కు నుంచి బయలుదేరారు.

ఆ దారిలో ఆయన చేసిన పని చూస్తే పనివాని చేయి ఎంతటిదో తెలుస్తుంది. నమీబ్ ఎడారిలో రెండే రెండు ఆకులతో వందల ఏళ్లు జీవించే వింత మొక్క ఒకటి ఉంది. నేడు దానిని వెల్విట్షియా అంటారు. అంగోలాలో దానిని కనుగొన్న శాస్త్రజ్ఞుని పేరిట ఆ పేరు పెట్టారు. బెయిన్స్ ఆ మొక్కను ఎడారిలో చూసి, బొమ్మ గీసి, నమూనాలతో సహా లండన్ సమీపంలోని క్యూ ఉద్యానవనానికి పంపారు. మరోవైపు, జలపాతానికి దిగువన నదిమీద సముద్రం దాకా పోవాలని రాగి రేకులతో పడవ తయారు చేయించారు. భాగాలుగా విడదీసి బండ్ల మీద మోసుకుపోయే పడవ అది. రోగాలు, ఆకలి ఆ ప్రయత్నాన్ని ముగియనివ్వలేదు. పడవ సముద్రం చూడలేదు.

1862 మేలో, నేటి బోట్స్వానాలోని ఒక ఉప్పు మైదానం అంచున, ఒక బోబాబ్ చెట్ల గుంపు దగ్గర వారి బండ్లు ఆగాయి. బోబాబ్ అంటే తెలుగు పాఠకులకు పూర్తిగా కొత్త చెట్టు కాదు. హైదరాబాదు గోల్కొండలోని నయా ఖిలాలో, ఏనుగు దేహంలా ఉబ్బిన మొదలుతో, 'హాతియాఁ కా ఝాడ్' అని పిలిచే మహావృక్షం ఆ జాతిదే. బెయిన్స్ ఆ గుంపును ఉన్నది ఉన్నట్లు చిత్రించారు. వంగిన కొమ్మ వంగినట్లు, ఒరిగిన మాను ఒరిగినట్లు గీశారు. నేడు ఆ చెట్లను బెయిన్స్ బోబాబ్‌లు అనే పిలుస్తారు. శతాబ్దం దాటిన తరువాత యాత్రికులు ఆ చిత్రాన్ని ఆ చెట్లతో పోల్చి చూశారు. చెట్లు పెద్దగా మారలేదు, చిత్రం అబద్ధం చెప్పలేదు. తన మాటను వినని లోకంలో ఆయనకు సాక్ష్యం చెప్పడానికి చెట్లు నిలబడి ఉన్నాయి.

అదే సంవత్సరం జూలైలో వారు జలపాతం చేరారు. స్థానికులు దానిని మోసి ఓ అ తున్యా అంటారు, ఉరిమే పొగ అని అర్థం. వెడల్పు సుమారు 1,700 మీటర్లు, లోతు వంద మీటర్లకు పైగా. లివింగ్‌స్టన్ 1855లో దానిని చూసి విక్టోరియా రాణి పేరు పెట్టి ఉన్నారు. ఛాప్‌మన్ వెంట కెమెరా తెచ్చారు కాని జలపాతం దగ్గర ఆయన ప్రయత్నాలు ఆశించిన ఫలితం ఇవ్వలేదు. బెయిన్స్ కుంచె మాత్రం ఆగలేదు. అంచుల వెంట నడిచి ఒక్కొక్క కోణం నుంచి బొమ్మ గీశారు. 1864లో ఆయన యాత్రాగ్రంథం, 1865లో జలపాతపు రంగుల చిత్రాల పెద్ద సంపుటి లండన్‌లో వెలువడ్డాయి. ఇళ్లలో కూర్చున్న జనం ఆ జలపాతం రంగును, పొగను, ఇంద్రధనుస్సును తొలిసారిగా చూసింది ఆయన చేతిమీదుగానే.

ఇంతవరకు చెప్పినదంతా చదివి బెయిన్స్‌ను మచ్చలేని మహనీయుడుగా భావించవద్దు. న్యాయం గురించి మాట్లాడేటప్పుడు మేము కూడా ఒక్క పక్షమే చెప్పి ఊరుకోరాదు. 1850 నుంచి 1853 వరకు దక్షిణ ఆఫ్రికా తూర్పు సరిహద్దులో బ్రిటిషువారికీ షోసా ప్రజలకూ జరిగిన యుద్ధంలో బెయిన్స్ బ్రిటిషు సేన వెంట చిత్రకారుడుగా తిరిగారు. ఆయన నిలబడినది తుపాకుల వెనుక. తమ నేల కోసం పోరాడిన షోసాలు ఆ చిత్రాలలో శత్రువులుగానే కనిపిస్తారు. తరువాత 1869 నుంచి ఒక బంగారు గనుల కంపెనీ తరఫున నేటి జింబాబ్వే ప్రాంతానికి వెళ్లి, 1871లో న్‌దెబెలె రాజు లొబెంగులా నుంచి బంగారం తవ్వుకునే అనుమతి పత్రం పొందారు. దారుల పటాలు గీశారు. పటం గీసినవాని మనసు మంచిదే కావచ్చు. కాని అది రేపు ఎవరి చేతికి పోతుందో గీసినవాడు శాసించలేడు. 1893లో లొబెంగులా రాజ్యం మరో బ్రిటిషు కంపెనీ సాయుధ బలం ముందు కూలిపోయింది.

తన మాట వినలేదని బాధపడిన మనిషి, తన ఎదుట యుద్ధంలో ఓడినవారి మాట ఎంతవరకు విన్నాడు? ఈ ప్రశ్న బెయిన్స్‌ను మాత్రమే కాదు, మనందరినీ నిలదీస్తుంది. అత్తవారింట నింద పడిన స్త్రీ అత్త అయ్యాక తన కోడలి మాట వింటుందా? యజమాని చేతిలో అవమానపడిన గుమాస్తా దుకాణం పెట్టుకున్నాక తన పనివానిని నమ్ముతాడా? గాయం మనిషికి న్యాయాన్ని దానంతట అది నేర్పదు. నేర్చుకోవాలన్న సంకల్పం ఉన్నవానికే నేర్పుతుంది.

బెయిన్స్ చివరి రోజులు కష్టంగానే గడిచాయి. బంగారు కంపెనీ నిలదొక్కుకోలేదు, యాత్ర అప్పులు ఆయన నెత్తిన పడ్డాయి. చిత్రాలు వేసి, ఉపన్యాసాలు ఇచ్చి ఆ అప్పులు తీర్చే ప్రయత్నం చేశారు. 1873లో లండన్‌లోని రాయల్ జియాగ్రఫికల్ సొసైటీ ఆయన దీర్ఘకాల సేవకు గుర్తింపుగా బంగారు గడియారం బహూకరించింది. అదే సంవత్సరం మే 1న లివింగ్‌స్టన్ ఆఫ్రికా నడిబొడ్డున మరణించారు. 1859లో వేసిన నింద మాత్రం అలాగే మిగిలింది. రెండేళ్లకు, 1875 మే 8న, డర్బన్ నగరంలో రక్తవిరేచనాల వ్యాధితో బెయిన్స్ కన్నుమూశారు. వయసు 54 ఏళ్లు. మరల యాత్రకు పోవాలన్న ఆశ తీరకుండానే పోయారు.

ఈనాడు ఆ ఉదంతాన్ని పరిశీలించిన చరిత్రకారులలో అధికులు బెయిన్స్‌కు అన్యాయం జరిగిందనే భావిస్తారు. అందుకు ఒక కారణం, ఆయన దినచర్యలు, చిత్రాలు చూపే తీరు. రోజు వెంట రోజు, తేదీతో, చోటుతో, కొలతతో సత్యాన్ని నమోదు చేసిన మనిషి స్వభావం వాటిలో కనిపిస్తుంది. కాని ఈ తీర్పు ఆయన చెవిన పడలేదు. ఆలస్యంగా వచ్చిన న్యాయం చరిత్రకు ఉపయోగపడవచ్చు, సమాధిలో ఉన్నవానికి కాదు.

కనుక మా పాఠకులకు మేము చెప్పదలచినది సూటిగా చెబుతాము. మీ ఇంట ఒక వస్తువు పోయినప్పుడు పేరు ఎత్తడానికి ముందు ఇల్లంతా వెదకండి. పేరు ఎత్తక తప్పకపోతే ఆ మనిషిని పక్కకు పిలిచి, నలుగురి ముందు తల దించుకోవలసిన పని లేకుండా అడగండి. ఆరోపణ తెచ్చినవారు మీ రక్తసంబంధీకులైతే మరింత జాగ్రత్త పడండి, ఎందుకంటే అప్పుడు మీరు తీర్పరి మాత్రమే కాదు, కక్షిదారు కూడా. నింద పడినవారు జబ్బుతోనో, అప్పుతోనో, ఒంటరితనంతోనో ఉన్నారేమో చూడండి. బలహీనుని మౌనం నేరాంగీకారం కాదు. పొరపాటు మీదని తేలిననాడు, నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కు తీసుకోండి.

ఇక నింద మోస్తున్నవారికి ఒక మాట. మీ లెక్క మీరు రాసుకోండి, తేదీతో సహా. న్యాయం అడగడం మానకండి. అడుగుతూనే మీ పని మీరు చేయండి. ఏ పనిని శ్రద్ధగా, ఉన్నది ఉన్నట్లు చేశారో అది మీ తరఫున మాట్లాడుతుంది. అది మాట్లాడే రోజు రాకముందే మీ మాట వినడం మాత్రం మీ చుట్టూ ఉన్న మా అందరి బాధ్యత.